కరెంటుతో కాళ్లు కదిలించే సైకిల్ ఎవరైనా వాడారా?

మాది కోనసీమలో అంబాజీపేట దగ్గర పల్లెటూరు. రెండేళ్ల క్రితం మా తమ్ముడు కొబ్బరి దింపు తీస్తూ చెట్టు మీంచి పడ్డాడు. వెన్నుపాముకి టీ8 (ఛాతీ వెనక ఎనిమిదో పూస) దగ్గర దెబ్బ. నడుము కింద స్పర్శ లేదు. కాళ్లు మాత్రం అప్పుడప్పుడూ బిగుసుకుని వాటంతటవే ఎగిరిపడతాయి. అది చూసి మా అమ్మ ఇంకా "నడుస్తాడురా" అంటుంది, ఏం చెప్పాలో తెలియదు.

ఎఫ్‌ఈఎస్ సైక్లింగ్ గురించి ఈమధ్యే తెలిసింది. తొడలకీ పిరుదులకీ ప్యాడ్లు అంటించి వరసగా కరెంటు ఇస్తే, సొంత కండరాలే పెడల్ తొక్కుతాయట. 2016లో జ్యూరిచ్‌లో జరిగిన సైబాథ్లాన్‌లో (వైకల్యం ఉన్నవాళ్లు యంత్రాల సాయంతో పోటీపడే ఆటలు) దీనికి పోటీయే పెట్టారు. కండరానికి వెళ్లే నరం బాగుంటేనే పనిచేస్తుందని, నడక తెప్పించే వైద్యం కాదని ఫిజియో ముందే చెప్పారు. మాకు కావాల్సింది ఉన్న కండ కరిగిపోకుండా ఉండటమే.

రెండేళ్లుగా బరువు మోయని కాళ్లు కదా, ఎముకలు బోలుబారి విరుగుతాయేమోనని టెన్షన్. మొదలుపెట్టే ముందు మీరు ఏ పరీక్షలు చేయించారు? రాజమండ్రి, కాకినాడ వైపు ఈ సైకిల్ ఉన్న ఫిజియో సెంటర్ ఉందా? సెకండ్ హ్యాండ్‌లో కొనొచ్చా? అన్నట్టు, గోదారికి వరదొస్తే మాకు కరెంటుండదు, బ్యాటరీ మీద నడిచేదైతే మరీ మంచిది.