అంతఃపరీక్షణా, ఆత్మపరిశీలనా?

మా మేనకోడలు డీఎస్సీకి చదువుతోంది. మొన్న రాత్రి ఫోన్ చేసి, "మామయ్యా, మనస్తత్వశాస్త్రంలో ఇంట్రోస్పెక్షన్ ఉంది కదా, మన మనసులో జరిగేదాన్ని మనమే చూసి చెప్పే పద్ధతి, దానికి పాత డీఎడ్ పుస్తకంలో అంతఃపరీక్షణ అని ఉంది, కోచింగ్ నోట్సులో ఆత్మపరిశీలన అని ఉంది. రెండూ ఒకటేనా?" అంది. పరీక్ష వరకు ఒకటే అనుకోమ్మా అని పెట్టేశాను గానీ, ఆ జవాబు నాకే రుచించలేదు. అందుకే ఇక్కడ పెడుతున్నాను.

ఆత్మపరిశీలన అనగానే మన చెవికి వినిపించేది తప్పొప్పుల లెక్క. ఓడిపోయిన పార్టీ ఆత్మపరిశీలన చేసుకోవాలంటాం. తండ్రి కొడుకుతో "ఒకసారి ఆత్మపరిశీలన చేసుకో" అన్నాడంటే చీవాట్లు పెట్టాడనే. ఈ పద్ధతితో జర్మనీలోని లైప్‌జిగ్‌లో, అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో జరిగిన పనిలో ఈ తప్పొప్పుల ఊసే లేదు.

లైప్‌జిగ్‌లో విల్‌హెల్మ్ వుంట్ మనస్తత్వశాస్త్ర ప్రయోగశాల పెట్టింది 1879లో. అక్కడ 1892లో డాక్టరేట్ తీసుకున్న ఎడ్వర్డ్ టిచ్‌నర్ అనే ఇంగ్లీషాయన అదే ఏడు అమెరికా వెళ్లి కార్నెల్‌లో చేరాడు, 1927లో పోయేదాకా అక్కడే ఉన్నాడు. మన పుస్తకాల్లో సంరచనాత్మక వాదం అని చదివేది ప్రధానంగా ఈయనదే. రసాయనశాస్త్రం పదార్థాన్ని మూలకాలుగా విడగొట్టినట్టు చేతనానుభవాన్నీ విడగొట్టాలని ఆయన పట్టు. విడగొట్టగా చివరికి మిగిలేవి సంవేదనలు (కంటికి, చెవికి, చర్మానికి తెలిసేవి), ప్రతిమలు (మనసులో మెదిలే బొమ్మలు), అనుభూతులు అన్నాడు. 1896లో రాసిన పుస్తకంలో సంవేదనలే 44,000 పైచిలుకని లెక్క తేల్చాడు! అందులో ఎక్కువ భాగం కంటివి, తర్వాత చెవివి.

ఈ విడగొట్టే పనిలో ఎదురుగా ఉన్న వస్తువు పేరెత్తకూడదు. నిమ్మకాయ పెట్టారనుకోండి, 'నిమ్మకాయ' అన్నారా, పోయింది. దాన్ని ఉద్దీపన దోషం అంటారు, ఉద్దీపన అంటే ఇక్కడ ఎదురుగా పెట్టిన వస్తువు. పసుపు ఎంత గాఢంగా ఉంది, ఎంతమేర పరుచుకుంది, ఎంతసేపు నిలిచింది, ఇవి చెప్పాలి. నిమ్మకాయ అనేది మనకు ముందే తెలిసిన సంగతి. అప్పుడు కలిగిన అనుభవం వేరు.

నాకు బాగా నచ్చింది తడి సంగతి. మనకు తడి అంటే తడే, అంతకంటే విడగొట్టేదేముంది? 1900లో కార్నెల్‌లోనే బెంట్లీ అనే ఆయన దీన్ని పరీక్షించాడు. వేలికి పల్చటి తొడుగు వేసి నీళ్లలో ముంచితే, చర్మానికి చుక్క తగలకపోయినా తడిగానే అనిపించింది. ఒత్తిడి, చల్లదనం, ఈ రెండూ ఒక తీరుగా కలిస్తే అదే తడి. నమ్మకం కలగకపోతే డిసెంబరు రాత్రి దండెం మీది బట్టలు పట్టుకు చూడండి. పొద్దుటి నుంచి ఎండలో ఉన్న చీర కూడా చల్లబడ్డాక చెమ్మగా ఉన్నట్టే ఉంటుంది. మా అమ్మ చెంపకు ఆనించుకుని చూసి, "ఇంకా ఆరలేదురా" అని మళ్లీ ఆరేసేది. ఆరిపోయిన బట్టని!

ఇలా తడిని కూడా తడి అననివ్వని చూపు అది. చూసేవాడు మంచివాడా చెడ్డవాడా అన్న ప్రశ్నకు అక్కడ చోటే లేదు. నా ఓటు అంతఃపరీక్షణకే.

వ్యాఖ్య: మాస్టారూ, ఆత్మకథ, ఆత్మరక్షణ అంటున్నాం కదా. ఆత్మ అంటే 'తన' అని మాత్రమే. జనానికి నోరు తిరిగే మాట వదిలేసి విసర్గతో కుస్తీ ఎందుకండీ?

జవాబు: ఆత్మతో నాకు పేచీ లేదండీ, ఆ సమాసానికి పట్టిన అలవాటుతోనే. అయినా మీరు అడిగారు కాబట్టి ఇంకో సంగతి. వుంట్ రెండు జర్మన్ మాటల మధ్య గట్టి గీత గీశాడు. ఒకటి జెల్బ్‌స్ట్‌బెయోబాఖ్టుంగ్. జెల్బ్‌స్ట్ అంటే తాను, బెయోబాఖ్టుంగ్ అంటే పరిశీలన. రెండోది ఇన్నెర వార్నేముంగ్, లోపలి ప్రత్యక్షం, అంటే లోపల కలిగేది కలిగినప్పుడే నేరుగా తెలియడం. మొదటిదాన్ని ఆయన శాస్త్రం కింద లెక్కవేయలేదు. కోపం వచ్చినవాడు కూర్చుని తన కోపాన్ని పరిశీలిస్తుంటే కోపం ఇంకా అక్కడ ఉంటుందా? అందుకే ప్రయోగశాలలో చిన్న చిన్న ప్రశ్నలే అడిగేవాడు. గంట ఎప్పుడు వినబడింది, తాళం కొలిచే మెట్రోనోమ్ కొట్టే టిక్కుల్లో ఏ లయ హాయిగా ఉంది, ఏది చిరాకు పెట్టింది, తర్వాతి టిక్కు కోసం ఎదురుచూడ్డంలో బిగువుందా, ఇలాంటివి. మళ్లీ మళ్లీ అడిగితే మళ్లీ మళ్లీ చెప్పగలిగేవి.

ఇప్పుడు మొదటి జర్మన్ మాటను మాటకు మాటగా తెలుగులో పెట్టండి. వచ్చేది ఆత్మపరిశీలనే! వుంట్ వద్దన్నదాని పేరు తెచ్చి వుంట్ పద్ధతికి తగిలించినట్టయింది.

టిచ్‌నర్ విషయంలో మాత్రం నా వాదన కొంచెం కుంటుతుంది, ఒప్పుకుంటాను. ఆయన శిష్యులు చేసిన పొడుగాటి వర్ణనలు వుంట్ చూస్తే మెచ్చుకునేవాడని అనుకోను.

వ్యాఖ్య: ఇంతకీ 'అంతర్‌పరీక్షణ' అని కూడా చూశాను. ఏది ఒప్పు?

జవాబు: అంతర్ తర్వాత ప, క లాంటివి వస్తే విసర్గే. అంతఃపురం, అంతఃకరణం. దర్శనం, ముఖం వస్తే రేఫ (ర్) నిలుస్తుంది. మంత్రులు ప్రమాణం చేసేటప్పుడు 'అంతఃకరణ శుద్ధితో' అంటారే, అది గుర్తుపెట్టుకుంటే చాలు. అంతఃకరణం అంటే మొదట మనసు, బుద్ధి వగైరా అన్నీ కలిపిన లోపలి పరికరం. తెలుగులో వాడగా వాడగా దయకు కూడా పేరైంది.

వ్యాఖ్య: పరీక్షణ అంటే మార్కులు వేసేవాళ్లు గుర్తొస్తున్నారు. అంతర్దర్శనం బాగుండదా? లేదా అచ్చ తెలుగులో లోచూపు?

జవాబు: లాటిన్ మూలానికి మీ రెండు మాటలే దగ్గర, మేడమ్. అక్కడ ఇంట్రో అంటే లోపలికి, స్పెకెరె అంటే చూడటం. దర్శనం అంటే మాత్రం నాకు వెంటనే క్యూలైను గుర్తొస్తుంది, ఏం చేయను. లోచూపు చాలా బాగుంది. అమెరికన్ మనస్తత్వవేత్త విలియం జేమ్స్ 1890లో ఈ పద్ధతి మీద వేసిన చురకకు కూడా అదే అతుకుతుంది. చీకటి ఎలా ఉంటుందో చూద్దామని గబుక్కున గ్యాస్ దీపం పెంచడంలాంటిది అన్నాడాయన. లోచూపుతో చీకటిని చూడలేం. ఈ వాక్యంలో అంతఃపరీక్షణ పెట్టి చదవండి, చురక కాస్తా చప్పబడిపోతుంది.

పుస్తకాలు మార్చలేం గానీ, నా మటుకు నేను ఇక లోచూపు వాడతాను. పైన వేసిన ఓటు వెనక్కి తీసుకున్నట్టే.

వ్యాఖ్య: సంరచనాత్మక వాదాన్ని నిర్మాణవాదం అంటే సరిపోదా? సులువుగా ఉంది.

జవాబు: వద్దండీ, బుర్ర తిరిగిపోతుంది. సాహిత్య విమర్శలో నిర్మాణవాదం అంటే సస్యూర్ భాషాశాస్త్రం నుంచి వచ్చిన దారి, టిచ్‌నర్‌తో దానికి చుట్టరికం లేదు. బడి చదువుల్లో పియాజె, వైగాట్‌స్కీల పేరుతో చెప్పే జ్ఞాన నిర్మాణం ఇంకోటి. మా మేనకోడలు ఈ మూడింటినీ కలిపేసి ఒక మాక్ టెస్టులో రెండు మార్కులు పోగొట్టుకుంది.

వ్యాఖ్య: మేం కాలేజీలో రికార్డు రాసేటప్పుడు ప్రయోగం చేసేవారిని ప్రయోక్త, చేయించుకునేవారిని ప్రయోజ్యుడు అనేవాళ్లం. టిచ్‌నర్ దగ్గరా అంతేనా?

జవాబు: మంచి ప్రశ్న వేశారు. ఆయన దగ్గర కుర్చీలో కూర్చుని సంవేదనలు చెప్పేవాడి పేరు పరిశీలకుడు. చూడగలిగేది అతనొక్కడే కాబట్టి అసలు పని అతనిదే, గడియారం పట్టుకున్నవాడిది సహాయం. లైప్‌జిగ్‌లో వుంట్ స్వయంగా ఆ కుర్చీలో కూర్చున్న రోజులున్నాయి. ఆ కుర్చీకి తర్ఫీదూ కావాలి. వుంట్ ప్రయోగశాలలో పదివేల సార్లు సాధన చేయనివాడి మాటను లెక్కలోకి తీసుకునేవారు కాదని టిచ్‌నర్ శిష్యుడు బోరింగ్ తర్వాత రాశాడు. 1913లో వాట్సన్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త వచ్చి, లోపలి సంగతులు మనకొద్దు, ప్రవర్తన చాలు అన్నాడు. ప్రయోగానికి తెచ్చిన ఎలుకను పరిశీలకుడు అనలేం కదా. ఆ దారి బలపడేకొద్దీ కుర్చీలోని మనిషి చూసేవాడు కాస్తా చూడబడేవాడయ్యాడు. మీ రికార్డులోని ప్రయోజ్యుడు ఆ తర్వాతి మనిషి. టిచ్‌నర్ పాఠానికి ఆ మాట వాడితే ఎవరు చూస్తున్నారో తలకిందులవుతుంది. అక్కడ పరిశీలకుడు అనే రాయండి, పక్కన ఒక ముక్క వివరణ ఇస్తే పిల్లలు తికమకపడరు.