హాల్లో ఛైర్ రైలు, కింద ఫ్రేము డిజైన్: సిమెంటు గోడకి బీడింగ్ ఎలా నిలబెట్టాలి?

మధురవాడ_ఫ్లాటు:

అందరికీ నమస్కారం. విశాఖ మధురవాడలో నాలుగో అంతస్తు ఫ్లాటు. హాల్లో సోఫా వెనక గోడకి నడుం ఎత్తులో అడ్డంగా ఛైర్ రైలు, దాని కింద ఫోటో ఫ్రేముల్లాంటి పెట్టెలు సన్న డిజైన్ పట్టీలతో, అంటే బీడింగ్‌తో వేయించాలనుకుంటున్నాం. గోడ పొడవు సరిగ్గా 12 అడుగులు. నేల నుంచి శ్లాబుకి 9 అడుగుల 8 అంగుళాలు. గోడ అడుగున టైల్ స్కర్టింగ్ 4 అంగుళాలు. ఇటుక గోడ, ప్లాస్టరింగ్ మీద పుట్టీ, ఆ పైన ఎమల్షన్. ఇది బయటి గోడే. అక్టోబరు వానలకి జల్లు నేరుగా దీనికే కొడుతుంది.

వీడియోల్లో అందరూ గన్ను పెట్టి టకటకా మేకులు కొట్టేస్తున్నారు. మన గోడల్లో ఆ మేకు దిగుతుందా? ఎండీఎఫ్ (చెక్క పీచు నొక్కి చేసిన బోర్డు) మంచిదా, టేకా, లేక తెల్లగా తేలిగ్గా ఉండే పాలీస్టైరిన్ పట్టీలా? రైలు ఎంత ఎత్తులో ఉండాలి? పెట్టెలు ఎన్ని వేయాలి, ఎన్ని కర్రలు (బీడింగ్ అమ్మే పొడవాటి ముక్కలు) కొనాలి? షాపులో రేటు రన్నింగ్ ఫుట్ లెక్కన చెబుతున్నారు, కర్ర మాత్రం 8 అడుగులదే ఇస్తామంటున్నారు.

చిత్రిక:

ముందు మేకుల సంగతి. ఆ వీడియోల్లోవి జిప్సం బోర్డు గోడలండి, బోర్డు వెనక చెక్క నిలువులు ఉంటాయి. మేకు బోర్డు దాటి వెళ్లి ఆ చెక్కని పట్టుకుంటుంది. మన ఇటుక గోడ మీద ఆ సన్న మేకు వంగిపోతుంది, లేదంటే రూపాయి బిళ్లంత ప్లాస్టరింగ్ పెచ్చు లేపేస్తుంది. ఇక్కడ తేలిక పట్టీకైతే అడ్హెసివ్ (గమ్ము), బరువైన చెక్కకైతే డ్రిల్లు, ప్లగ్గు, స్క్రూ.

సరుకు విషయానికొస్తే, జల్లు కొట్టే బయటి గోడ అంటున్నారు కాబట్టి ఎండీఎఫ్ వద్దు. కోసిన అంచు చెమ్మ పీల్చి ఉబ్బుతుంది, ఒకసారి ఉబ్బితే మళ్లీ తగ్గదు. టేకు బాగుంటుంది గానీ లోపలి చేవ చెక్క అయితేనే. తెల్లగా ఉండే పైచెక్కకి చెద పడుతుంది, పెయింటు వేశాక ఏది చేవో ఏది కాదో కనబడదు కూడా. పెయింటు వేసే డిజైనే కాబట్టి మీ గోడకి పాలీస్టైరిన్ సరిపోతుంది. నీరు పీల్చదు, చెద తినదు. దాని బలహీనత ఒకటే, దెబ్బ తగిలితే సొట్ట పడుతుంది.

ఎత్తు: రైలు పై అంచు నేల నుంచి 36 అంగుళాలు. మీ గదికి అది మూడో వంతుకి దగ్గరగా ఉంటుంది. సోఫా వీపు ఎత్తు 33 అంగుళాలు ఉంటే, రైలూ 33లోనే పెడితే సోఫా వెనక దాక్కుంటుంది. అందుకే కొనేముందు సోఫా వీపు కొలవండి.

ఇప్పుడు లెక్క. రైలు వెడల్పు 3 అంగుళాలు అనుకుంటే దాని కింది అంచు 33 దగ్గర ఉంటుంది. స్కర్టింగ్ 4 తీసేస్తే 29. పైన 4, కింద 4 ఖాళీ వదిలితే పెట్టె ఎత్తు 21. అడ్డంగా 144 అంగుళాల్లో నాలుగు పెట్టెలు, ఐదు ఖాళీలు. ఖాళీ 4 చొప్పున 20 పోతే 124, పెట్టెకి 31. అంటే 31 × 21 పెట్టెలు నాలుగు, మొత్తం 34 అడుగుల 8 అంగుళాల బీడింగ్.

అడుగుల లెక్కన 35 అడుగులు కొంటే మాత్రం చాలదు. ముక్కల లెక్క వేయాలి. 8 అడుగుల కర్రలో 31 ముక్కలు మూడు వస్తాయి (93), రంపం తినేది పోగా చిన్న ముక్క మిగులుతుంది. అడ్డ ముక్కలు 8 కావాలి, కాబట్టి రెండు కర్రలు పూర్తిగా, మూడోదాంట్లో రెండు. ఆ మూడోదాంట్లో మిగిలిన 34లో నిలువు ముక్క 21 ఒకటి తీయొచ్చు. మిగిలిన ఏడు నిలువులకి ఇంకో రెండు కర్రలు. మొత్తం 5, తప్పు కోతకి ఒకటి కలిపి 6 కొనండి. రైలుకి వేరేగా 2 కర్రలు. అన్నీ ఒకే బ్యాచ్‌వి చూసుకోండి. డిజైన్ నంబరు ఒకటే అయినా అచ్చు మారితే మూల దగ్గర గీతలు ఒకదానితో ఒకటి కలవవు.

కోతకి ఫైబర్ మైటర్ బాక్సు (45 డిగ్రీల్లో కోయడానికి రంపం నడిచే గాళ్లున్న తొట్టి), సన్న పళ్ల రంపం చాలు. ముతక పళ్ల రంపంతో కోస్తే పాలీస్టైరిన్ అంచు పూసలు పూసలుగా రాలుతుంది. ప్రతి ముక్కా టేపుతో విడివిడిగా కొలవద్దు. మైటర్ బాక్సు పక్కన 31 దగ్గర ఒక చెక్క దిమ్మ బిగించి, కర్రని దానికి ఆనించి ఎనిమిది ముక్కలూ వరసగా కోయండి. ఎదురెదురు భుజాలు ఒక ఎం.ఎం. తేడా వచ్చినా నాలుగో మూల కలవదు. ఆ నాలుగో మూలని పుట్టీతో పూడిస్తే తర్వాత చీలికగా బయటపడుతుంది.

పుట్టీ_పట్టు:

చిత్రిక గారు చెప్పినదాంట్లో తప్పు లేదు, కానీ బీడింగ్ ఊడిపోయిన చోట్ల చూడండి, గమ్ము బీడింగ్‌కే గట్టిగా అంటుకుని ఉంటుంది, దాని వెనక పుట్టీ పొర కూడా ఊడి వచ్చి ఉంటుంది. అంటే తెగింది గమ్ము కాదు, పుట్టీకీ ప్లాస్టరింగ్‌కీ మధ్య పట్టు. అందుకని కొనడానికి ముందే రెండు పరీక్షలు చేయండి.

మొదటిది చెమ్మ. అడుగు చదరం పాలిథిన్ ముక్కని స్కర్టింగ్‌కి కొంచెం పైన గోడకి పరిచి, నాలుగు అంచులూ టేపుతో పూర్తిగా మూసేయండి. రెండు రోజులు వదిలేయండి. గోడ వైపు లోపల నీటి బొట్లు కనబడినా, ఆ చదరం మేర రంగు ముదిరినా గోడలో చెమ్మ ఉన్నట్టే. బొట్లు గది వైపు పైన ఉంటే అది గాలిలో తేమ, గోడ తప్పు కాదు. మన సముద్రపు గాలికి ఈ తేడా చూడకుండా కంగారు పడేవాళ్లు చాలామంది. గోడకి రెండు మూడు చోట్ల పెట్టండి, కిటికీ ఉంటే దాని కింద తప్పకుండా.

రెండోది పట్టు. అరచేతి పొడవు బీడింగ్ ముక్కని మీరు వాడబోయే అడ్హెసివ్‌తోనే అంటించి 24 గంటల తర్వాత లాగండి. ముక్క వెనక తెల్లటి పొర వస్తే ఆ పుట్టీ నమ్మదగింది కాదు. అప్పుడు పెట్టెల గీతలు గీసుకుని, బీడింగ్ కూర్చునే వెడల్పు మేర మాత్రమే పుట్టీని గీకే రేకుతో గీకేసి, ఆ గాడిలో ప్రైమర్ కొట్టి ఆరనిచ్చి అంటించాలి. గోడంతా గీకక్కర్లేదు. పొర రాకపోతే 80 నంబరు ఉప్పు కాగితంతో ఆ గీత మేర నునుపు పోయేలా రుద్ది, దుమ్ము తడిగుడ్డతో తుడిచి ఆరనిస్తే చాలు. దుమ్ము తుడవకుండా అంటిస్తే గమ్ము దుమ్ముకే అంటుకుంటుంది.

గమ్ము: కార్ట్రిడ్జిలో (గన్నుతో నొక్కే గొట్టంలో) వచ్చే నెయిల్-ఫ్రీ, అంటే మేకులు అక్కర్లేని రకం, డబ్బా మీద పాలీస్టైరిన్‌కి పనికొస్తుందని రాసి ఉన్నదే కొనండి. లామినేట్ షీట్లకి వాడే సింథటిక్ రబ్బరు గమ్ము వద్దు, అందులోని సాల్వెంటు పాలీస్టైరిన్‌ని కరిగించేస్తుంది. తెల్ల ఫెవికాల్ కూడా వద్దు. అది నీరు ఆవిరైతేనే గట్టిపడుతుంది, ఒకపక్క ప్లాస్టిక్, ఇంకోపక్క పెయింటు ఉంటే ఆ నీరు పోయే దారి లేదు. 300 మి.లీ. కార్ట్రిడ్జి 5 ఎం.ఎం. లావు ధారకి దాదాపు 50 అడుగులు వస్తుంది. పెట్టెలకి 35 అడుగులు, రైలుకి రెండు ధారలు కాబట్టి 24. మొత్తం 59, రెండు కార్ట్రిడ్జిలు తీసుకోండి. మూలల కోత ముఖాలకి కూడా చుక్క పెట్టి కలపాలి. దీన్ని చాలామంది వదిలేస్తారు, ఆ తర్వాత మూలలే ముందు విచ్చుకుంటాయి. నొక్కాక రెండు అడుగులకి ఒకటి చొప్పున మాస్కింగ్ టేపు అడ్డంగా వేసి 24 గంటలు ఉంచండి.

బీడింగ్‌కీ గోడకీ మధ్య సందుని పుట్టీతో నింపవద్దు. పుట్టీ బిరుసు, కదలిక తట్టుకోలేక వెంట్రుకవాసి చీలిక ఇస్తుంది. పెయింటు పట్టే అక్రిలిక్ సీలెంటు (సందులు మూసే మెత్తటి పేస్టు) సన్నగా పెట్టి తడి వేలితో ఒక్కసారి లాగండి. సిలికాన్ అయితే దాని మీద పెయింటు నిలవదు, ముత్యాల్లా జారిపోతుంది. ఆ తర్వాత వాటర్ ప్రైమర్ ఒక కోటు, గోడకి వేసే ఎమల్షన్ రెండు కోట్లు. థిన్నర్ కలిపే పెయింటు పాలీస్టైరిన్ మీద వేయకండి.

మధురవాడ_ఫ్లాటు:

ఇద్దరికీ ధన్యవాదాలండి. పాలిథిన్ ఈ రోజే అంటిస్తాను. ఒక విషయం చెప్పడం మర్చిపోయాను. ఈ గోడకి ఎడమ మూల నుంచి 40 అంగుళాల దగ్గర మొదలై 45 దాకా ఒక ప్లగ్ పాయింటు ప్లేటు ఉంది, నేల నుంచి 12 అంగుళాల ఎత్తులో. దాని పైన, నాలుగున్నర అడుగుల దగ్గర స్విచ్‌బోర్డు. ఇంకోటి, రైలుని పక్కనున్న కిటికీ గోడకి కూడా తిప్పాలని ఇంట్లో అంటున్నారు.

రసమట్టం:

అయితే నాలుగు పెట్టెల లెక్క మీకు కుదరదు. మొదటి పెట్టె 4 నుంచి 35 దాకా, ఖాళీ 39 దాకా, రెండో పెట్టె 39లో మొదలు. బీడింగ్ వెడల్పు అంగుళంపావు అయితే ఆ నిలువు ముక్క 39 నుంచి 40 పావు దాకా వస్తుంది, మీ ప్లేటు 40లో మొదలవుతుంది. ప్లేటు కోసం బీడింగ్‌ని చెక్కితే ఎంత బాగా చేసినా అతుకు పని లాగే కనబడుతుంది. ప్లేటు పూర్తిగా పెట్టె లోపలైనా ఉండాలి, పూర్తిగా ఖాళీలోనైనా ఉండాలి.

సోఫా గోడ కాబట్టి మూడు పెట్టెలు వేయండి, మధ్యది పెద్దది. 28, 72, 28. ఖాళీలు నాలుగూ 4 అంగుళాలే, మొత్తం 144 సరిగ్గా. మధ్య పెట్టె 36లో మొదలవుతుంది, నిలువు ముక్క 37 పావుకి అయిపోతుంది, ప్లేటుకి ముందు రెండు ముప్పావు అంగుళాలు మిగులుతుంది. బీడింగ్ 31 అడుగుల 10 అంగుళాలు. కర్రలు ఐదు చాలు: 72 ఒకటి, 21 ఒకటి కలిపి రెండు కర్రలు, మూడో కర్రలో 28లు మూడు, నాలుగోదాంట్లో 28 ఒకటి, 21లు మూడు. చివరి 21కి ఐదో కర్ర. అందులో 75 అంగుళాలు మిగులుతుంది, ఏ ముక్క తప్పుకోసినా దాంట్లోంచి తీయొచ్చు.

కిటికీ గోడకి తిప్పేటట్టయితే 36 అని ముందే ఖాయం చేసుకోవద్దు. కిటికీ కింది గ్రానైట్ పట్టీ అడుగు అంచు ఎక్కడుందో కొలవండి. రైలు పై అంచు సరిగ్గా దాని కిందికి రావాలి. అది 35 పావు వస్తే పెట్టె ఎత్తు 20 పావు అవుతుంది, అంతే. రైలు గ్రానైట్ ముక్కుని అడ్డంగా గుద్దుకుంటే ఆ మూల ఎప్పటికీ కుదరదు.

గీత కొట్టేటప్పుడు నేల నుంచి కొలిచి కలపకండి, బాల్కనీ వైపు, బాత్‌రూమ్ వైపు నేలకి వాలు ఉంటుంది. ఒక చోట ఎత్తు గుర్తు పెట్టి, నీళ్ల గొట్టంతో రెండో చివరకి మట్టం తీసుకుని, దారానికి రంగుపొడి పట్టించి గీత కొట్టండి. పెట్టెల ఖాళీకి 4 అంగుళాల ప్లైవుడ్ ముక్కలు రెండు కోసుకుంటే ప్రతిసారీ టేపు తీయక్కర్లేదు. మధ్య పెట్టె ముందు, తర్వాత పక్కవి. పెట్టె చదరం సరిగా ఉందో లేదో మూల నుంచి మూలకి కొలిస్తే తెలుస్తుంది. రెండు అడ్డకొలతలూ సమానమైతే సరే.

గోడ లోపలి మూల 90 డిగ్రీలు ఉంటుందని నమ్మవద్దు. ప్లాస్టరింగ్ మూలలో గుండ్రం తిరుగుతుంది. పెట్టెలు గోడకి పరుచుకునేవి కాబట్టి వాటికి 45 కోత చాలు, కానీ రైలు మూల తిరిగే చోట రెండు చిన్న ముక్కలు కోసి ఆనించి చూసి, తేడా ఎటుందో తెలిశాక అసలు ముక్క కోయండి. గుమ్మం దగ్గర రైలు ద్వారబంధం కన్నా ముందుకి పొడుచుకొస్తే దాని చివరని 45లో కోసి, వేలెడు ముక్కని గోడలోకి తిప్పి అంటించాలి. మొండిగా వదిలేస్తే కోసిన ముఖం కనబడుతుంది, పిల్లల చేతులకి తగులుతుంది.

రైలుకి 12 అడుగుల్లో అతుకు తప్పదు. నిలువుగా తెంచి ఆనించకుండా 45 వాలు కోతతో ఒకదాని మీద ఒకటి కూర్చోబెట్టండి, సోఫా మధ్య వెనక పడేలా. 12 అడుగుల పాలీస్టైరిన్ రైలు 10 డిగ్రీల తేడాకి సుమారు రెండున్నర ఎం.ఎం. పొడవు మారుతుంది. ఏసీ వేసినప్పుడల్లా అతుకు దగ్గర లాగుతుంది. గమ్ము పెట్టిన వాలు అతుకు తట్టుకుంటుంది, పుట్టీ పెట్టింది తట్టుకోదు.

చిత్రిక:

ప్లగ్ పాయింటు సంగతి ముందే తెలిస్తే ఆ నాలుగు పెట్టెలు చెప్పేవాణ్ని కాదు, 28-72-28 ఖాయం చేసుకోండి. డైనింగు వైపు కూడా రైలు వేస్తే అక్కడ మాత్రం చెక్కే వాడాలని నా మాట. కుర్చీ వీపు రోజూ తగిలే చోటది, రైలు పుట్టిందే అందుకు. పాలీస్టైరిన్ అయితే ఏడాదికే సొట్టలు పడుద్ది. టేకు రైలుకి 6 ఎం.ఎం. బిట్టు, ప్లాస్టిక్ ప్లగ్గులు, 18 అంగుళాలకి ఒక స్క్రూ. స్క్రూ పొడవు రైలు మందం, ప్లాస్టరింగ్ రెండూ దాటి ఇటుకలోకి 25 ఎం.ఎం. అయినా దిగాలి. పట్టు ప్లాస్టరింగ్‌లో ఉంటే ఊడొచ్చేస్తది. స్క్రూ స్టెయిన్‌లెస్‌దే వాడండి. మామూలు ఇనుప స్క్రూ మన ఉప్పుగాలికి తుప్పు పట్టి, తల మీద నింపిన పుట్టీలోంచి, పెయింటులోంచి గోధుమరంగు చుక్కగా బయటికొస్తది. స్విచ్‌బోర్డుకి సూటిగా పైన, సూటిగా కింద డ్రిల్లు పెట్టొద్దు, వైర్ల పైపు నిలువుగా అక్కడే దిగుద్ది. మీ స్విచ్‌బోర్డు నుంచి ప్లగ్ పాయింటుకి కూడా అదే దారి.

మధురవాడ_ఫ్లాటు:

పాలిథిన్ మూడు చోట్ల పెట్టాను. రెండు పొడిగా ఉన్నాయి. ఎడమ మూల దగ్గరది, కిటికీ గోడ కలిసే చోట, లోపలివైపు బొట్లు పట్టింది. పుట్టీ కూడా అక్కడ గోరుతో గీస్తే పిండిలా రాలుతోంది.

పుట్టీ_పట్టు:

అయితే ఆ మూల ఆరేదాకా ఏదీ అంటించకండి. పిండిలా రాలుతోందంటే చెమ్మతో పాటు ఉప్పు కూడా బయటికొస్తోంది. లోపల ఎన్ని కోట్లు వేసినా నీరు వెనక నుంచే తోస్తుంది. బయటికెళ్లి కిటికీ కింద చూడండి. ఫ్రేముకీ గోడకీ మధ్య సీలెంటు ఎండి విడిపోయిందా, గ్రానైట్ పట్టీ అడుగున నీరు తెగి పడే గాడి ఉందా, లేక నీరు గోడ వెంట పాకుతోందా, ప్లాస్టరింగ్‌లో చీలిక ఉందా. మొదటిదైతే పాత సీలెంటు పూర్తిగా పీకి, వెదర్ సిలికాన్ పెట్టండి. ఇక్కడ మాత్రం సిలికానే కావాలి. చీలికైతే వీ ఆకారంలో తెరిచి, పాలిమర్ కలిపిన సిమెంటు నింపి, బయటి వాటర్‌ప్రూఫ్ కోటు వేయాలి. నాలుగో అంతస్తు కాబట్టి తాడు మీద పనిచేసే మనిషి కావాలి, అసోసియేషన్‌తో మాట్లాడండి.

లోపల ఆ మూలలో రాలే పుట్టీ ప్లాస్టరింగ్ కనబడేదాకా గీకి, ఉప్పుని పొడి బ్రష్‌తో దులిపి, అలా తెరిచే వదిలేయండి. నీళ్లతో కడగొద్దు, ఉప్పు కరిగి మళ్లీ లోపలికి పోతుంది. నెల తర్వాత అదే చోట పాలిథిన్ మళ్లీ పెట్టండి, ఒక మంచి వాన పడ్డాక ఇంకోసారి. రెండుసార్లూ పొడిగా వస్తే అప్పుడు ప్రైమర్, పుట్టీ, ఆ తర్వాత బీడింగ్. ఈలోగా కర్రలు కొన్నా గోడకి ఏటవాలుగా ఆనించి పెట్టకండి, వంగిపోతాయి. మంచం కింద నేల మీద బారుగా పడుకోబెట్టండి.