చిన్న ఆస్పత్రుల డాక్టర్లం సంఘం పెట్టుకోవాలా?

గాజువాకలో నాది పది పడకల ఆస్పత్రి. మొన్న ఆటోక్లేవ్ (పరికరాలను ఆవిరితో క్రిమిరహితం చేసే యంత్రం) కొంటే, బిల్లులో జీఎస్టీ చూసి మా ఆవిడ "ఇది వెనక్కి రాదా?" అంది. రాదు. వైద్య సేవలకు జీఎస్టీ మినహాయింపు ఉంది కదా, అందుకే కొన్నవాటి మీద కట్టిన పన్నుకు క్రెడిట్ ఇవ్వరు. రోగి బిల్లులో కనపడదు గానీ ఖర్చులో కలిసిపోతుంది.

ఇలాంటివి ప్రభుత్వానికి చెప్పుకుందామని పదకొండు మంది డాక్టర్లం కలిశాం. (టీ తాగుతూ తిట్టుకోవడం వరకు బాగానే సాగుతోంది.) 2001 సొసైటీల చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్‌కి ఏడుగురు చాలు. కానీ కొత్త సంఘం మాట ఎవరు వింటారు? ఐఎంఏ (డాక్టర్ల సంఘం, ఇండియన్ మెడికల్ అసోసియేషన్) స్థానిక శాఖలోనే కమిటీగా ఉంటే మేలా? పన్ను రేట్లు, మినహాయింపులపై సిఫార్సు చేసే జీఎస్టీ కౌన్సిల్‌లో కూర్చునేది రాష్ట్ర ఆర్థిక మంత్రి కాబట్టి వినతిపత్రం నేరుగా ఆయనకే ఇవ్వాలా, ముందు ఎమ్మెల్యేని కలవాలా? ఇదివరకు తిరిగినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.