డ్రై ఐ లైట్ మెషీన్‌లో పవర్ మార్చే అధికారం ఎవరికి ఉండాలి?

పీణ్య ఇంజినీర్ (చర్చ మొదలుపెట్టినవారు):
అందరికీ నమస్కారం. నేను బెంగళూరు పీణ్యలో ఒక చిన్న వైద్య పరికరాల కంపెనీలో పనిచేస్తాను. రెప్పల అంచున నూనె గ్రంథులు ఉంటాయి కదా, మైబోమియన్ గ్రంథులు అంటారు. అవి మూసుకుపోతే కన్నీటి మీద ఉండాల్సిన నూనె పొర పలచబడి కళ్ళు ఊరికే ఆరిపోతాయి. దీనికి ఐపీఎల్ అని కాంతి చికిత్స ఉంది. కెమెరా ఫ్లాష్ లాంటి మెరుపులు కంటి కింద చర్మం మీద కొడతారు. ఆ మెషీన్ మేం తయారుచేస్తున్నాం. క్లినిక్‌లో వాడేదే, ఇంటికి కాదు.

రెండు నెలలుగా మా టీమ్‌లో ఒకటే గొడవ. మెరుపు పవర్, పల్స్ నిడివి (ఒక్కో మెరుపు ఎంతసేపు ఉండాలో), ఫిల్టర్ (ఏ కాంతిని మాత్రమే బయటికి వదలాలో) అన్నీ డాక్టర్ ఇష్టానికి వదిలేద్దామని కొందరు. చర్మం రకం (బాగా తెల్లటిది ఒకటి, బాగా నల్లటిది ఆరు) నొక్కితే చాలు, మిగతాది మెషీనే చూసుకోవాలి, ఎవరూ వేలు పెట్టకూడదని కొందరు. నేను మొదటి పక్షం. ప్రతి మనిషి చర్మం వేరు, డాక్టర్ చేతులు కట్టేస్తే ఎలా? మీరేమంటారు?

జయనగర్ ఆప్టోమెట్రిస్ట్:
తమ్ముడూ, ఆరేళ్ళుగా ఈ చికిత్స చేస్తున్నదాన్ని, కాస్త వివరంగా చెప్తాను. డాక్టర్ ఇష్టం అంటున్నావు. శనివారం సాయంత్రం ఆ మెషీన్ పట్టుకునేది డాక్టర్ కాదు. నాలాంటివాళ్ళు, లేదంటే మొన్న చేరిన టెక్నీషియన్ అమ్మాయి. బయట ఇంకో నలుగురు కూర్చుని ఉంటారు. అన్నీ తెరిచి పెడితే ఆ పిల్ల దేన్ని చూసి ఎంత పెట్టాలి?

గత నెల ఒకాయన వచ్చారు. సర్జాపుర రోడ్డు నుంచి రోజూ బైక్ మీద తిరిగే మనిషి. ఫైలులో చర్మం నాలుగో రకం అని ఉంది, అది జనవరిలో రాసింది. హెల్మెట్ తీస్తే నుదురు గోధుమ రంగే. చెంప ఎముక మీద మాత్రం ఎండకి బాగా నల్లబడి ఉంది. మనం మెరుపు కొట్టేది ఆ చెంప మీదే! జెల్ రాసి, చెవి ముందు తక్కువ పవర్‌తో ఒక్కటి కొట్టి పావుగంట ఆగాను. ఎర్రగా కందిపోయింది. ఆ రోజు చికిత్స చెయ్యకుండా పంపేశాను. ఫైలు నమ్మి ఉంటే ఆయన చెంప కాలేది.

ఇదంతా చర్మానికి రంగునిచ్చే మెలనిన్ వల్ల. మనం కాంతి పంపేది రెప్ప చుట్టూ ఉబ్బిన ఎర్రటి రక్తనాళాల కోసం. దారిలో మెలనిన్ ఎక్కువుంటే అది ఆ కాంతిని తాగేసి పైచర్మాన్నే వేడెక్కిస్తుంది. 2021లో మందులకీ వైద్య పరికరాలకీ అనుమతులిచ్చే అమెరికా ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ, డ్రై ఐ కోసం మొదటి ఐపీఎల్ మెషీన్‌కి అనుమతి ఇచ్చినప్పుడు కూడా ఒకటి నుంచి నాలుగు రకాల చర్మానికే ఇచ్చింది. ఆ రకాల లెక్క 1975లో ఫిట్జ్‌ప్యాట్రిక్ అనే అమెరికా డాక్టర్ మొదట తెల్లవాళ్ళ కోసం వేసింది. ఐదు, ఆరు రకాలు తర్వాత చేర్చారు. మన ఇళ్ళల్లో ఐదో రకం వాళ్ళు ఎంతమందో ఒకసారి లెక్కపెట్టుకో. అందుకే నేను సెట్టింగులకి తాళం వెయ్యాలనే పక్షం.

మారతహళ్ళి పేషెంట్:
అక్కా, మీరు చెప్పినది నిజం. కానీ తాళం వేసిన మెషీన్‌తోనే నా చెంప కాలింది. క్లినిక్ పేరు చెప్పను. "సెట్టింగ్ అందరికీ ఇదేనండి" అన్నారు. మూడో మెరుపుకే మంట అని అరిచాను. మెషీన్ పట్టుకున్నావిడ పాపం పవర్ తగ్గించబోయింది, మెషీన్ పాస్‌వర్డ్ అడిగింది. పాస్‌వర్డ్ తెలిసినాయన ఆ రోజు రాలేదు. "ఇంకొక్కటే సార్, ఓర్చుకోండి" అంటూ నాలుగోది కూడా కొట్టింది.

రెండు చెంపల మీదా మచ్చలు పడ్డాయి. గుండ్రంగా కాదు, దీర్ఘచతురస్రంగా. మెషీన్ మూతి ఏ ఆకారంలో ఉందో అదే ఆకారం, అంచులు తిన్నగా, ముద్ర గుద్దినట్టు. నెల్లూరులో చెల్లెలి పెళ్ళిలో ప్రతి ఒక్కరూ అదే అడగడం. ఐదు నెలలు పట్టింది తగ్గడానికి. ఇంజినీర్ గారూ, మీరు ఏదైనా పెట్టండి, తగ్గించడానికి మాత్రం ఎవరి అనుమతీ అక్కర్లేకుండా పెట్టండి.

వైట్‌ఫీల్డ్ పద్మ:
అసలు ఇంత టెన్షన్ ఎందుకండీ? వేడి కాపడం పెట్టుకుని, స్క్రీన్ ముందు రెప్పలు ఆర్పడం గుర్తుపెట్టుకుంటే చాలామందికి సరిపోతుంది. 2020లో కోక్రేన్ సమీక్ష (చికిత్సల మీద జరిగిన పరిశోధనలన్నీ కలిపి పరిశీలించే సంస్థ వాళ్ళది) కూడా ఐపీఎల్‌కి గట్టి ఆధారాలు చాలా తక్కువని చెప్పింది.

జయనగర్ ఆప్టోమెట్రిస్ట్:
పద్మ గారూ, మొదట కాపడమే చెప్తాం. కాకపోతే తడిగుడ్డ రెండు మూడు నిమిషాల్లో చల్లారిపోతుంది, రెప్పకేమో పది నిమిషాలు 40 డిగ్రీల దగ్గర వేడి అందాలి. కొందరికి రెప్ప నొక్కితే వచ్చే నూనె పేరిన నెయ్యిలా ఉంటుంది, ఇంకా ముదిరితే టూత్‌పేస్ట్‌లా సన్నటి పోగుగా వస్తుంది. వాళ్ళకి కాపడం ఒక్కటే చాలదు. వాళ్ళ కోసమే ఈ గొడవంతా.

పేషెంట్ తమ్ముడు చెప్పింది చదివాక నా మాట కొంచెం మార్చుకుంటున్నాను. తాళం పవర్ పెంచడానికే ఉండాలి, తగ్గించడానికి వద్దు.

పీణ్య ఇంజినీర్:
రాత్రి ఇది చదివి నిద్ర పట్టలేదు. పాస్‌వర్డ్ స్క్రీన్ మా డిజైన్‌లోనూ ఉంది, దాన్ని గీసింది నేనే. ఈ రోజు టీమ్‌కి ఇలా చెప్పాను. తగ్గించే మీట చేతిపిడి మీదే ఉండాలి, బొటనవేలికి అందాలి, ఏ మెనూ అడ్డు రాకూడదు. పెంచాలంటే ఆ రోజు, ఆ చెంప మీద సెన్సర్‌తో రంగు కొత్తగా కొలవాలి. పాత ఫైలు చెల్లదు. ఐదో రకం వస్తే మెషీన్ తనంతట తానే పొడవైన తరంగాల ఫిల్టర్ (మెలనిన్ తక్కువ తాగే కాంతిని మాత్రమే వదిలేది) అడగాలి, ఒక మెరుపుని మూడు ముక్కలు చేసి మధ్యలో చర్మం చల్లబడే వ్యవధి ఇవ్వాలి. టెస్ట్ మెరుపు కొట్టి పావుగంట దాటితేనే మిగతావి మొదలవ్వాలి. ఆరో రకానికి అసలు వెలగకూడదు. మా మార్కెటింగ్ వాళ్ళకి ఈ చివరిది నచ్చలేదు, సగం దక్షిణాది మార్కెట్ పోతుందంటున్నారు. నేను ఒప్పుకోను.

జయనగర్ ఆప్టోమెట్రిస్ట్:
మంచి పని చేశావు. ఒక్క అనుమానం. మా దగ్గరికి ఆడవాళ్ళు పౌడర్ రాసుకుని వస్తారు, ఐటీ పిల్లలు సన్‌స్క్రీన్ రాసుకుని వస్తారు. తుడవమంటే పైపైన తుడుస్తారు. అప్పుడు నీ సెన్సర్ ఉన్నదానికన్నా తెల్లగా చూపిస్తే?

పీణ్య ఇంజినీర్:
అది మేం ఆలోచించలేదక్కా. సోమవారం నా చెంప మీదే పౌడర్ రాసి ఒకసారి, సన్‌స్క్రీన్ రాసి ఒకసారి, కడుక్కుని ఒకసారి కొలిచి మూడు రీడింగులూ ఇక్కడ పెడతాను.