ఇంచుమించులో ఉన్నది ఏ ఇంచు?

పోయిన వారం మా ఇంటి పని దగ్గర తాపీ మేస్త్రి గోడ వెడల్పు చూసి "ఇంచుమించు తొమ్మిదించులు వస్తుందండీ" అన్నారు. ఆయనకు డెబ్బై దాటాయి. ఒకే మాటలో రెండు ఇంచులు పలికారు గానీ రెండూ ఒకలా పలకలేదు. మొదటిది 'ౘ'తో, దంతాల దగ్గర పలికే శబ్దం. రెండోది ఇంగ్లీషు నుంచి వచ్చిన తాలవ్య 'చ', అంటే అంగిలి దగ్గర పలికేది. అప్పటినుంచి ఆ మాట నా చెవిలో అలాగే ఉండిపోయింది.

ఈ గుంపులోనే చాలామంది ఇంచుమించు అంటే "ఒక ఇంచు అటూ ఇటూ" అని రాస్తుంటారు. అది సరికాదని నా గట్టి నమ్మకం. మన కావ్యాల్లో 'ఇంచుక' ఉంది, అంటే కొంచెం. 'మించు' అంటే దాటిపోవడం. కొంచెం తక్కువో, కాస్త ఎక్కువో అని చెప్పడానికి ఆ రెండూ జోడు కట్టాయి. మించు, అంచు, పెంచు, ఉంచు అనే మాటలను పెద్దవాళ్ళ నోట ఒకసారి వినండి, అన్నిట్లోనూ ౘ వినిపిస్తుంది. 'ఇంచు టేపు' అన్నప్పుడు వినిపించదు. ఈ తరం పలుకుబడిలో ఆ తేడా చెరిగిపోతోంది కాబట్టే రెండు మాటలూ ఒకటే అనిపిస్తున్నాయి. ౘ అక్షరాన్ని బడిలో ఎందుకు వదిలేశామో అని నాకు నిజంగా బాధగా ఉంటుంది.

వ్యాఖ్య: చాలా బాగా చెప్పారండీ. మరి అంగుళం సంగతి? ఇంచుకు అది అచ్చమైన అనువాదమేనా?

జవాబు: కాదండీ, అక్కడ ఇంకో కథ ఉంది. అంగుళం అంటే వేలి వెడల్పు. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో ఎనిమిది యవల (బార్లీ గింజల) వెడల్పు ఒక అంగుళం, 12 అంగుళాలు ఒక జాన, 24 అయితే మూర. మనం వాడుకలో జానను 9 ఇంచులుగా, మూరను 18 ఇంచులుగా లెక్కవేస్తాం కదా. అంటే పాత అంగుళం ముప్పావు ఇంచే, సుమారు 1.9 సెంటీమీటర్లు. ఇంగ్లీషు ఇంచు వచ్చాక ఈ పేరు దానికి పెట్టేశారు. పేరు పాతదే, కొలత మాత్రం 2.54 సెంటీమీటర్లకు పెరిగింది. ఆ ఇంచుకేమో లాటిన్‌లో పన్నెండో వంతు అని అర్థమిచ్చే 'ఉన్కియా' మూలం. ఔన్సూ అందులోంచే వచ్చింది. పాత గ్రంథాలు చదివేటప్పుడు ఈ అంగుళాన్ని నేటి ఇంచుగా లెక్కేస్తే కొలత మూడో వంతు పెరిగిపోతుంది, జాగ్రత్త.

వ్యాఖ్య: మాది అనంతపురం వైపు. మా దగ్గర బోరు వేస్తే "రెండించుల నీళ్ళు పడ్డాయి" అంటారు. అంగుళం అని ఎవరూ అనరు. రేకుకు కోసిన గంటులోంచి పారే నీటి ఎత్తును బట్టి ఆ లెక్క. ఒకటిన్నర అన్నా ఇంట్లో పండగే.

జవాబు: ఇది నాకు కొత్తండీ, చాలా సంతోషం. పైపుల కొట్లోనూ అంతే, అర ఇంచు, ముప్పావు ఇంచు అంటేనే ఇస్తారు. కానీ పంతం పట్టినప్పుడు మాత్రం "అంగుళం కూడా కదలను" అంటాం, అక్కడ ఇంచు పెట్టి పలికితే ఆ పట్టు రాదు. టీవీ గురించి పేపర్లో అంగుళాలు రాస్తారు, కొట్టువాడు ఇంచులంటాడు. మీ ఊళ్ళో దర్జీ ఏమంటారో, ఇంచుమించును పెద్దవాళ్ళు ఎలా పలుకుతారో విని రాయండి. వీలైతే వాళ్ళ గొంతు రికార్డు చేసి పెట్టండి.