ఎక్సెల్‌లో కొత్త ఫైలు మన ఫార్మాట్‌తోనే తెరుచుకోవాలంటే?

అందరికీ నమస్కారం. మాది నెల్లూరు జిల్లా, అల్లూరు దగ్గర. రొయ్యల గుంటల లెక్కలు ఎక్సెల్‌లో రాస్తుంటాను. గుంటకో ఫైలు: తేదీ, మేత, మందులు, డీజిల్, కౌంట్. కౌంట్ అంటే కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్నది, ధర దాన్ని బట్టే పలుకుతుంది.

కొత్త ఫైలు తీసిన ప్రతిసారీ గౌతమి ఫాంటు, ఏ4 అడ్డం పేజీ, తేదీ ఫార్మాట్ మళ్లీ పెట్టుకోవడం విసుగు. అందుకే అన్నీ సరిచేసిన ఖాళీ ఫైలును టెంప్లేట్‌గా (కొత్త ఫైళ్లకు నమూనాగా), 'బుక్.ఎక్స్‌ఎల్‌టీఎక్స్' పేరుతో ఎక్సెల్ మొదలవుతూనే చూసే ఎక్స్‌ఎల్‌స్టార్ట్ ఫోల్డర్‌లో సేవ్ చేశాను. కంట్రోల్, ఎన్ కలిపి నొక్కితే బ్రహ్మాండంగా వస్తోంది. ఎక్సెల్ తెరవగానే కనిపించే 'బ్లాంక్ వర్క్‌బుక్' నొక్కితే మాత్రం పాత ఖాళీ షీటే వచ్చేది. ఆప్షన్స్‌లో జనరల్ కింద స్టార్ట్ స్క్రీన్ టిక్ తీసేశాక ఆ గొడవ పోయింది.

మిగిలినవి రెండు. డెస్క్‌టాప్ మీద రైట్ క్లిక్ చేసి 'న్యూ'లోంచి ఎక్సెల్ ఫైలు తీస్తే నా టెంప్లేట్ రావడం లేదు. మా తమ్ముడికి అదే అలవాటు, మాన్పించడం నా వల్ల కాదు. దీనికి విండోస్ తన సెట్టింగులు దాచుకునే రిజిస్ట్రీలో, ఆ 'న్యూ' మెనూకు సంబంధించిన 'షెల్‌న్యూ' మార్చాలంటున్నారు. అది చెయ్యాలంటే టెన్షన్‌గా ఉంది, ఇంకో దారి ఏమైనా ఉందా?

రెండోది, కొత్త నెలకు కింద ప్లస్ నొక్కి షీటు చేరిస్తే మామూలుదే వస్తోంది. దానికి ఒకే షీటుతో 'షీట్.ఎక్స్‌ఎల్‌టీఎక్స్' విడిగా పెట్టాలట. అలా పెడితే కాలమ్ పేర్లు, మొత్తం లెక్కించే ఫార్ములాలు కూడా వస్తాయా? వాడుతున్నవాళ్లు చెప్పండి.