అప్‌డేట్: బోరునీళ్లలో విరిగిపోతున్న కూలెంట్, ఇరుక్కుంటున్న ట్యాపులు

రేణిగుంట షెడ్డులో లేత్ కూలెంట్ (కోతలో చల్లబరిచి జారుడునిచ్చే నూనె-నీళ్ల మిశ్రమం) మీద నూనె తేలుతోంది, స్టీలులో ఎం8 ట్యాపులు (రంధ్రంలో 8 మి.మీ. మరలు కోసే పనిముట్లు) విరుగుతున్నాయి అని అడిగాను కదా. కారణం బోరునీళ్ల కాఠిన్యమే. కాల్షియం, మెగ్నీషియం, నూనెను నీళ్లలో కలిపి ఉంచే ఎమల్సిఫైయర్‌లోని సబ్బును పట్టుకుని జిగట తెట్టు కట్టిస్తాయి. ఆ సబ్బు అటు ఖర్చయిపోతే నూనె చుక్కలు ఏకమై పైకి తేలతాయి, ట్యాపు అంచుకు దాదాపు ఉత్త నీళ్లే అందుతాయి.

ట్యాంకు కడిగి ఆర్‌ఓ నీళ్లు పోస్తే నురగ పొంగింది. మరీ మెత్తటి నీళ్లకు అది మామూలే. కాస్త బోరునీళ్లు కలిపి కాఠిన్యాన్ని 100 పీపీఎం (లీటరుకు 100 మి.గ్రా.) దగ్గరికి తెచ్చాక తగ్గింది. నూనెనే నీళ్లలో పోయాలి, తిరగేస్తే సరిగా కలవదు. గాఢత కొలిచే రిఫ్రాక్టోమీటర్ రీడింగును డబ్బా మీది ఫ్యాక్టర్‌తో గుణిస్తేనే అసలు నూనె శాతం: టర్నింగుకు (లేత్ మీద చెక్కడానికి) 5-6, ట్యాపింగుకు 8-10. ఆవిరయ్యేది నీళ్లే, లవణాలు మిగులుతాయి కాబట్టి టాప్‌అప్‌కు ఆర్‌ఓ నీళ్లే, నూనె పలచగా కలిపి.